సాయవ్వ కడిగిన రాగి

సాయవ్వ చేతికి చిక్కిన మురికి బతికి బయటపడదని కరీంనగర్‌లో ఆ కాలేజీ వాళ్లంతా అనేవారు. అది మాటవరసకు అన్నది కాదు. గాజు గొట్టాల అడుగున గడ్డకట్టిన గంధకం కానివ్వండి, బల్లల మీద పిల్లలు ఒలకబోసిన మందుల మరకలు కానివ్వండి, ఆమె కొంగు నడుముకు దోపిందంటే ఇక అంతే సంగతులు. కడిగిన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసేది. చిన్న చార కనబడినా మళ్లీ మొదటికే.

ఈ గుణం ఆమెకు తల్లి ఆనందమ్మ నుంచి వచ్చింది. హుస్నాబాద్ పక్క పల్లెలో వాళ్లది మెథడిస్టు సంఘం. కూలినాలి చేసుకు బతికే ఇల్లే అయినా సంఘంలో ఆనందమ్మకు ఒక పెద్ద గౌరవం ఉండేది. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చేటప్పుడు నీళ్లు పోసే రాగిగిన్నె ఆమె ఇంట్లోనే ఉండేది. శనివారం పొద్దున నానబెట్టిన చింతపండు, గుప్పెడు గల్లుప్పు ముందేసుకుని కూర్చుని బొటనవేలు అరిగేదాకా తోమేది. "గిన్నెల మన మొకం కనబడాలె బిడ్డా. దేవుని పని మసక మసకగ చేయొద్దు" అని పక్కన కూర్చున్న సాయవ్వకు చెప్పేది. రాగి అంటే మెరవాలి అన్న సంగతి సాయవ్వ బుర్రలో అప్పుడే నాటుకుపోయింది. ఆ తర్వాత ఎవరు పీకినా రాలేదు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు ఆమె భర్త యేసుదాసుతో కలిసి కరీంనగర్ చేరింది. యేసుదాసుకు ఆసుపత్రిలో తోటపని దొరికింది. ఈమె ముందు బడిలో నీళ్లు మోసింది. కాలేజీ పెట్టాక రసాయన శాస్త్రం గదుల్లో సీసాలు కడిగే పనికి కుదిరింది. అక్షరం ముక్క రాదు. కానీ ఏ సీసాలో ఏముందో రంగును బట్టి, బిరడాను బట్టి, బీరువాలో అది నిలబడ్డ చోటును బట్టి చెప్పేది. ఏటా పిల్లలు చేసే ఉప్పుల పరీక్ష చూసీ చూసీ ఆమెకు కంఠతా వచ్చేసింది. నీళ్లలో మామూలు ఉప్పు ఉందో లేదో తేల్చాలంటే ముందు ఒక చుక్క ఆసిడు, తర్వాత ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయాలి. ఉప్పుంటే నీళ్లు విరిగిన పాలలా తెల్లబడతాయి. పరీక్షల రోజు చీపురు పట్టుకుని అటుగా పోయే సాయవ్వ మొహం చూసి జవాబు దిద్దుకున్న పిల్లలు తర్వాత పెద్ద పెద్ద ఉద్యోగాలే చేశారు. పేర్లు చెబితే బాగుండదు.

పంతొమ్మిదివందల అరవైలో అంబదాస్ అనే కుర్ర లెక్చరర్ వచ్చాడు. ఆసిఫాబాద్ వైపు నేత కుటుంబం. పాఠం చెప్పి చేతులు దులుపుకుని ఇంటికి పోయే రకం కాదు. కాలేజీ వెనక ఒక పాత గదిని అడిగి పుచ్చుకుని, హైదరాబాద్‌లో ఉన్న తన ప్రొఫెసర్ దగ్గర పరిశోధన మొదలుపెట్టాడు. గది నిండా గొట్టాలు, సీసాలు, ఒక రేకు డబ్బాతో చేసిన పొయ్యి. వాటిని కడిగే పని సాయవ్వది. కడిగేదానికి కడుగుతున్నదేమిటో తెలియాలని ఆమె పట్టు. అడిగి అడిగి ఆయనతో చెప్పించుకుంది.

"పెండ్లి ఊరేగింపుల గ్యాసుబత్తీలు జూసినవు గదా సాయవ్వా. కార్బైడ్ మీద నీళ్లు పడితే వచ్చే గ్యాసు. దాంట్ల రెండు బొగ్గు పరమాణువులను మూడు ముడులేసి కట్టినట్టుంటది. హైడ్రోజన్ గ్యాసును దానితోని కలిపి వేడి రాగి మీద పంపిస్తే, రాగి ఒక్క ముడి ఇప్పి ఊకుంటది. అప్పుడు ఇథిలీన్ అయితది. ప్లాస్టిక్ చేసేది దాంతోనే."

"మిగిలిన ముడులెందుకు ఇప్పది సారు?"

"గదే దాని గొప్ప. నికెల్ అయితే ఆగదు, ఇంకోటి గూడ ఇప్పేస్తది. అప్పుడు అది దేనికీ పనికిరాని గ్యాసు. ఎక్కడ ఆగాల్నో రాగికి తెలుసు."

ఆగడం తెలిసిన లోహమని విన్నాక సాయవ్వకు రాగి మీద గౌరవం ఇంకా పెరిగింది. ఫలితం తెలుసుకునే పద్ధతి కూడా ఆయన చూపించాడు. రాగి దాటి వచ్చిన గ్యాసు రెండు సీసాల్లోంచి బుడగలుగా పోతుంది. మొదటి సీసాలోని మందు ఇటుకరంగుకు తిరిగిందంటే కార్బైడ్ గ్యాసు మారకుండా వచ్చేసినట్టు, అంటే రాగి పనిచేయనట్టు. మొదటిది మారకుండా, రెండో సీసాలోని పసుపు రంగు బ్రోమిన్ నీళ్లు రంగు పోయి తేటబడితే గెలిచినట్టు. రెండిట్లో ఏదీ మారకపోతే హద్దు దాటిపోయినట్టు.

అరవై రెండు ఏప్రిల్‌లో, ఈస్టర్ వారంలో ఒకరోజు రెండో సీసా తేటబడింది. అంబదాస్ ఆ సంబరంలో ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసి పడేశాడు. "జూలై రెండో వారంలో వచ్చి స్వయంగా చూస్తాను" అని జవాబు వచ్చింది. అదిగో, అప్పటినుంచి రాగి మొండికేసింది. ఎన్నిసార్లు చేసినా మొదటి సీసా ఇటుకరంగే. కార్బైడ్ మార్చాడు, ఆసిడ్ మార్చాడు, గొట్టాలు మార్చాడు. మే నెల ఎండలో ఆ రేకు పొయ్యి ముందు కూర్చుని బక్కచిక్కిపోయాడు. ప్రొఫెసర్ వచ్చి చూసి పెదవి విరిచాడా, పరిశోధన అటకెక్కుతుంది. గదిని విరిగిన బెంచీలు వేసుకోవడానికి ఇమ్మని స్టోర్‌కీపర్ లక్ష్మీరాజం అప్పటికే అర్జీ పెట్టి కూర్చున్నాడు.

ఆయన్ను చూసి సాయవ్వ ఊరుకోలేకపోయింది. తన వంతుగా రాగిముక్కలను మరింత శ్రద్ధగా తోమేది. ఇంటి నుంచి చింతపండు, ఉప్పు మూటగట్టుకు వచ్చి, ఆయన రాకముందే తళతళలాడించి పెట్టేది. ఎవరూ చెప్పని పని. దేవుని గిన్నెకు చేసిన సేవే సారుగారి రాగికీ చేస్తున్నానని ఆమె లోలోపల మురిసిపోయేది.

జూన్ మొదట్లో ఒకరోజు అంబదాస్ తలపట్టుకుని, "ఒక్కటంటే ఒక్కసారి అయింది. ఆ రోజు ఏం చేసిన్నో గుర్తొస్తే బాగుండు. ఈస్టర్ వారం..." అన్నాడు. సీసా కడుగుతున్న సాయవ్వ చెయ్యి ఆగిపోయింది. ఈస్టర్ వారం ఆమె ఊరికి పోయింది. అప్పుడు రాగిని తోమినవాళ్లు లేరు. తాను లేని వారమే రాగి పనిచేసింది.

ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన క్లాసుకు పోగానే నాలుగు రాగిముక్కలు రోజూలాగే తోమి, బావినీళ్లతో కడిగి, తర్వాత నీళ్లను ఆవిరి చేసి చల్లార్చి తీసిన శుద్ధజలం కొంచెం పోసి ఊపింది. ఆ నీళ్లను గాజు గొట్టంలోకి వంచింది. ఒక చుక్క ఆసిడ్. ఒక చుక్క సిల్వర్ నైట్రేట్. గొట్టంలో పాలు విరిగాయి. ఆ గొట్టాన్ని బీరువా మూలన జాగ్రత్తగా నిలబెట్టింది.

ఇంటికి పోయి యేసుదాసుకు చెప్పింది. ఆయన చల్లగా, "ఎవలు జూసిండ్రే నిన్ను? తోముడు బంద్ చెయ్. దానంతటదే మంచిగైతది. సారుకు చెప్పి ఉన్న పని పోగొట్టుకుంటవా?" అన్నాడు. సలహా బాగానే ఉంది. వింటే పోయేదేమీ లేదు. ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "రెండు నెల్లు నా మూలాన ఏడ్చిండు గా పిల్లగాడు" అంది చివరికి. "చెప్పుత."

చెప్పింది. గొట్టం చూపించి మరీ చెప్పింది. అంబదాస్ నోట్లో నాలుక లేని మనిషని కాలేజీలో పేరు. ఆ రోజు ఆ పేరు కాస్తా పోయింది.

"ఉప్పా? రాగికి ఉప్పు విషం సాయవ్వా! రవ్వంత అంటినా సచ్చిపోతది! నిన్ను తోమమన్నదెవరు? నడువు బయటికి!"

కేకలకు లక్ష్మీరాజం పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని తల పంకించాడు. సాయవ్వను ఆవరణ ఊడ్చే పనికి మారుస్తున్నానని అక్కడికక్కడే చెప్పేశాడు. ఆమె చీపురు అందుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఆవరణంతా తెల్లారేసరికే ఊడ్చిపెట్టి, అంబదాస్ వచ్చే వేళకు గది గుమ్మం ముందు నిలబడి ఉంది.

"నడువుమన్నరు, నడిసిన. గని చెడగొట్టిన చెయ్యే బాగుజెయ్యాలె సారు. ఎట్ల చెయ్యాల్నో చెప్పుండ్రి."

"ఇంక ముక్కలతోని కాదు. కొత్తగ రాగి పొడి చేసుకోవాలె. దాన్ని ఉప్పు జాడ లేకుంట కడగాలె. పొడి దించేటందుకు పోసే బజారు సోడాల ఉప్పుంటది, మన బావినీళ్లల్ల ఉప్పుంటది. ఆవిరి నీళ్లు రోజుకు రెండు సీసాలు దిగుతయి. ముప్పైసార్లు కడగాలంటే నీళ్లేవి? వదిలెయ్, నాకు ఓపిక లేదు."

"నీళ్లు నేను తెస్త."

ఆయన నవ్వాడు. సంతోషంతో నవ్విన నవ్వు కాదది. ఆమె పట్టించుకోలేదు. మృగశిర కార్తె వచ్చింది, పడమట మబ్బు పట్టింది. యేసుదాసు పాత ధోవతి, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి గంజన్నది మర్చిపోయిన గుడ్డ, ఒకటి తీసుకుని కాలేజీ మిద్దె ఎక్కింది. నాలుగు కర్రలకు కట్టి, నడుమ ఒక నున్నని గాజు బిరడా బరువు పెట్టి, కింద పెద్ద గాజు జాడీ ఉంచింది. లక్ష్మీరాజం కింద నుంచి చూసి, "పందిరేసినవ్ సాయవ్వా, లగ్గం ఎవలిది?" అని అరిచాడు. "రాగిది, రాజం సారూ! మీరు గూడ రాండ్రి" అని పైనుంచి జవాబిచ్చింది.

మొదటి వాన నీళ్లు దుమ్ముతో దిగాయి, పారబోసింది. రెండో వాన నీళ్లు గొట్టంలో పోసి చూసింది. ఆసిడ్ చుక్క, వెండి చుక్క. నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. గొట్టం పట్టుకుని మెట్లు దిగి వచ్చి అంబదాస్ ముక్కు ముందు పెట్టింది. ఆయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. స్టోర్ నుంచి సిల్వర్ నైట్రేట్ సీసా ఇప్పించాడు. లక్ష్మీరాజం ఆ సీసాను కన్నబిడ్డను అత్తారింటికి పంపినంత బాధగా ఇచ్చాడు.

రాగితీగను ఆసిడ్‌లో కరిగించి, సోడా నీళ్లు పోస్తే, పచ్చా నీలమూ కలిసిన బురదలాంటిది జాడీ అడుగున దిగింది. ఇక కడగడం సాయవ్వ వంతు. వాననీళ్లు పోసి కలపాలి. బురద అడుక్కి పేరేదాకా ఆగాలి. పైన తేరిన నీళ్లు వంచాలి. వంచిన నీళ్లలోంచి కొంచెం గొట్టంలో పట్టి చుక్కలు వేయాలి. చదువుకున్నవాళ్లయితే పుస్తకంలో రాసుకుందురు. ఆమె ఏ గొట్టానికా గొట్టం పారబోయకుండా చెక్కస్టాండులో వరసగా నిలబెట్టుకుంటూ పోయింది. ఆ వరసకు మొట్టమొదట, తన తప్పు బయటపెట్టిన ఆ చింతపండు ఉప్పు గొట్టాన్ని ఉంచింది. తెల్లటి విరుగుడు వెలుతురు తగిలి రోజురోజుకూ ఊదాగా, తర్వాత నల్లగా మారుతుంది. అందుకని వరసలో మొదటి గొట్టాలు నల్లగా, తర్వాతవి ఊదాగా, ఆ తర్వాతవి మసకగా కనిపించేవి.

పన్నెండు రోజులు వాన పడితే కడిగింది, పడకపోతే మబ్బును తిట్టింది. నడుం పట్టేసింది, వేళ్లు నాని ముడతలు పడ్డాయి. ముప్పయ్యో కడుగు నాడు అంబదాస్, "సాలు సాయవ్వా, ఏం లేదు ఇండ్ల" అన్నాడు. ఆమె మూలనున్న నల్లగొడుగు విప్పి, దాని ముందు గొట్టం పట్టింది. నల్లటి గుడ్డ ముందు సన్నటి పొగ తేలింది. "ఉన్నది సారు" అని మళ్లీ జాడీలో నీళ్లు పోసింది. ముప్పై ఒకటో గొట్టం గొడుగు ముందు కూడా తేటగా నిలిచింది. అప్పుడు కూర్చుంది.

బురద ఆరబెట్టి, గాజు నాళంలో పోసి, రేకు పొయ్యిలో పెట్టి, సన్నని సెగమీద హైడ్రోజన్ పంపించారు. పచ్చటిది నల్లబడింది. నల్లటిది మెల్లమెల్లగా మట్టిరంగు ఎరుపుకు తిరిగింది. సాయవ్వ దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"గిది మెరుస్తలేదు సారు."

"మెరిసే రాగితోని మనకు పనిలేదు. మెరుస్తుందంటే పైన నున్నగైనట్టు. గ్యాసు నిలబడాలంటే గరుకుండాలె. సెగ ఎక్కువైనా గింజలు అతుక్కుపోయి నున్నగైతది." ఆయన ఉష్ణమాపకానికి ఒకచోట తెల్లదారం కట్టాడు. "పాదరసం ఈ దారం దాటొద్దు. పొయ్యి కింది దీపం నీ చేతుల పెడుతున్న."

ప్రొఫెసర్ చెప్పిన రోజుకే వచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో తోలుసంచి, మాటిమాటికీ గడియారం చూసే అలవాటు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లిపోవాలి. లక్ష్మీరాజం కూడా గుమ్మంలో నిలబడ్డాడు, బెంచీలు ఎన్ని పడతాయో కొలుచుకోవడానికే కావచ్చు. గ్యాసులు వదిలారు. బుడగలు లేచాయి. మొదటి సీసా మారలేదు. అంబదాస్ ఊపిరి పీల్చుకున్నాడు. కానీ రెండో సీసా కూడా మారలేదు. పావుగంట గడిచింది. పసుపు పసుపుగానే ఉంది.

"హద్దు దాటిపోయిందేమోనయ్యా" అన్నాడు ప్రొఫెసర్. "లేదంటే ఇటు గ్యాసే రావడం లేదు. కాస్త మంట పెంచి చూడు. నాకు బస్సు టైమవుతోంది."

అంబదాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. దీపం మర వైపు చెయ్యి చాచాడు. మర మీద అప్పటికే సాయవ్వ చెయ్యి ఉంది.

"వద్దు సారు."

"సాయవ్వా, తియ్యి."

"తియ్య. దారం మీరే గట్టిండ్రు. పాదరసం దారం కాడ్నే ఉన్నది. గొట్టాలల్ల ముందున్న గాలి పోవాలె గదా, జర ఆగుండ్రి."

"ఎవరీవిడ?" అన్నాడు ప్రొఫెసర్, కోపం అణుచుకుంటూ.

అంబదాస్ ఆమె మొహం చూశాడు, పాదరసం చూశాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ రాగి చేసింది ఆమెనే సర్. ఆమె చెప్పిందాంక నేను గూడ ముట్ట."

గుమ్మంలో లక్ష్మీరాజం దగ్గాడు. ఎవరూ అటు చూడలేదు. ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాయవ్వ చెయ్యి మర మీంచి కదల్లేదు. ఇంకో పది నిమిషాలకు రెండో సీసాలో బుడగ లేచిన చోట పసుపు పలచబడింది. తర్వాత సీసా సగం వెలిసింది. తర్వాత అంతా తేటనీళ్లు. మొదటి సీసాలో ఎర్రజీర కూడా లేదు. రాగి ఒక్క ముడి విప్పి ఆగింది. అంబదాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

ప్రొఫెసర్ లేచాడు. బస్సు మాటే మర్చిపోయాడు. "ఎన్నిసార్లు కడిగారు? లెక్క ఎక్కడ రాశారు?" అని అడిగాడు.

"రాత రాదు సారు" అని సాయవ్వ చెక్కస్టాండు ముందుకు జరిపింది. ఆయన వంగి ఒక్కొక్క గొట్టమే చూస్తూ, నలుపు నుంచి ఊదాకు, ఊదా నుంచి మసకకు, మసక నుంచి తేటనీటికి వచ్చాడు. చివరి గొట్టాన్ని తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు, ఒక కన్ను మూసి. తర్వాత వరస మొదట్లోకి వచ్చాడు.

"అన్నిటికన్నా నల్లగా ఉంది, ఇదేమిటి?"

"అది పాతది సర్, ఏం లేదు..." అని అంబదాస్ అడ్డం రాబోయాడు.

"నా తప్పు సారు" అంది సాయవ్వ. "రాగి మెరవాలని ఉప్పు, చింతపండు పెట్టి తోమిన. రెండు నెల్లు ఈ సారును పరేషాన్ జేసిన."

"మరి పారబోయలేదేం?"

"పారబోస్తే మర్చిపోత సారు."

ప్రొఫెసర్ ఆ గొట్టాన్ని జాగ్రత్తగా దాని చోట్లో పెట్టేశాడు. బస్సు వెళ్లిపోయింది. ఆయన రాత్రికి కరీంనగర్‌లోనే ఉండిపోయి, మర్నాడు పొద్దున ఆ పనంతా మళ్లీ మొదటినుంచి చేయించుకుని చూశాడు. ఈసారి మంట పెంచమనలేదు. వారం తిరక్కుండానే ఆ గది తాళంచెవి సాయవ్వ కొంగుకు చేరింది. బెంచీల అర్జీ మాట లక్ష్మీరాజం మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

అంబదాస్ డాక్టరై హైదరాబాద్ బదిలీ అయ్యాడు. గది మిగిలింది, సాయవ్వ మిగిలింది. అరవై ఎనిమిదిలో చూపు తగ్గి పని మానుకునే రోజు వచ్చింది. ఆమె చోటికి ఐలవ్వ అనే పడుచుపిల్లను పెట్టారు. చురుకైన పిల్ల, మురికిని చూస్తే ఊరుకోదు. సాయవ్వ ఆమెకు సీసాలు చూపింది, ఆసిడ్ పొయ్యడం చూపింది, తాళంచెవి ఇచ్చింది. చివరికి అలమర పైఅరలో ఒంటరిగా ఉన్న నల్ల గొట్టాన్ని కిందికి దించింది.

"ఇంత మురికి గొట్టమా పెద్దవ్వా! ఇటియ్యి, చిటికెల తెల్లగ కడిగిస్త" అని ఐలవ్వ ఉత్సాహంగా చెయ్యి చాచింది.

ఇన్నేళ్లూ కనిపించిన మురికినల్లా కడిగి పారేసిన సాయవ్వ, ఆ గొట్టాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

"గిదొక్కటి కడగకు బిడ్డా" అంది. "కూసో, ముందు దీని ముచ్చట చెప్త."